మొదటి గడిలో టైపమ్మ

ఆ ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మా ముందుగదిలో హాజరైనవారు, వరుసగా: గృహయజమానిగా నేను, నా కుమార్తె, ఆమె కూతురు, అనగా నా మనవరాలు, వయస్సు పదమూడు, చివరగా, లోపలికి రమ్మని రెండుసార్లు చెప్పినా రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డ మా భవనపు లిఫ్టు మెకానిక్. నా భార్య గైర్హాజరు. ఆమె పోయి అప్పటికి అయిదు నెలల పది రోజులు.

వరుసక్రమం ముందుగా చెప్పడం నాకు వృత్తిరీత్యా వచ్చిన అలవాటు. నీటి సరఫరా సంఘంలో ముప్పై నాలుగేళ్ళు కార్యదర్శిగా పనిచేశాను. ప్రతి సమావేశానికీ మినిట్స్ రాయడం నా బాధ్యత. మినిట్స్‌లో మొదట వచ్చేది హాజరు పట్టిక. అందులో మొదట అధ్యక్షుడు, తరువాత ఉపాధ్యక్షుడు, ఆ తరువాత హోదాను బట్టి సభ్యులు, అందరికంటే చివర కార్యదర్శి. పెద్ద సభ్యుడెవరైనా ఆలస్యంగా వస్తే ఆయన పేరు పైన చేరుస్తాం. కింది పేర్లన్నీ ఒక్కొక్క మెట్టు దిగుతాయి. అంతే తప్ప, ఒకరు పైకి రావడం వల్ల మరొకరు పట్టికలోంచి పోవడమనేది ఉండదు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. నేను చేసిన తప్పు ఇందులోంచే పుట్టింది.

సమావేశ మందిరంలో ఒక మూల టైపు మిషను ముందు కూర్చునే ఉద్యోగిని పేరు ఆ పట్టికలో రాసే ఆనవాయితీ లేదు. మంచినీళ్ళ గ్లాసులు అందించే మనిషి పేరూ రాయం. ఆ టైపిస్టు నా భార్య. ఆఫీసంతా ఆమెను టైపమ్మ అనేవారు. ఇంట్లో నేను ఏమని పిలిచేవాడినని ఆలోచిస్తే, ‘ఇదిగో’ అన్న మాటే ఎక్కువగా జ్ఞాపకం వస్తున్నది.

ఆ ఆదివారం మా అమ్మాయి వాళ్ళమ్మ బీరువా సర్దడానికి వచ్చింది. ఆమె చెవి యంత్రాలు సరిచూసే దుకాణంలో పనిచేస్తుంది. ఆదివారం ఒక్కటే తీరిక. కుట్టుమిషను గుడ్డ కింద ఒక నల్లటి పెట్టె, దానికి చుట్టిన తీగలు కనిపించాయి.

“నాన్నా, ఇదెవరిది?”

“నాకు తెలియదు. మన ఇంటి వస్తువు కాదు.”

“మనింటిదే,” అంది మనవరాలు. “అమ్మమ్మది. వీడియో గేమ్.”

“అమ్మకి వీడియో గేమెందుకే?”

“ఆడుకోడానికి. వీడియో గేమెందుకు అంటే ఇంకేం చెప్పను?”

గుమ్మంలో మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. “నేనే ఇచ్చాను సార్ అమ్మగారికి. మా పిల్లలు పెద్దాళ్ళైపోయారు, మూలన పడుంది. మూడేళ్ళైంది. ఊరికే తీసుకోండమ్మా అన్నా ఊరుకోలేదు, మా ఆవిడకి స్వెట్టర్ అల్లిచ్చారు.”

“మూడేళ్ళా! ఎప్పుడు ఆడేది?”

మెకానిక్, మనవరాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జవాబు చెప్పే ధైర్యం చిన్నదానికే వచ్చింది.

“రెండు నుంచి నాలుగు. నువ్వు పడుకున్నప్పుడు.”

నేను మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పడకగది తలుపు మూసుకుని నిద్రపోతాను. ఆ సమయంలో ఇంట్లో చప్పుడు కూడదన్నది నేను పెట్టిన నియమం. ఆ రెండు గంటలూ ఆమె కుర్చీలో కునుకు తీస్తున్నదని అనుకునేవాడిని. నిజానికి అనుకోనైనా అనుకోలేదు. ఆమె ఏం చేస్తున్నదన్న ప్రశ్న నాకెప్పుడూ కలగలేదు.

మెకానిక్ అప్పుడు లోపలికి వచ్చి, తీగలు టీవీకి తగిలించి, పని ఉందని వెళ్ళిపోయాడు. తెర మీద ఒక పట్టణం తెరుచుకుంది. అంతా ఇళ్ళ కప్పులే, ఒక కప్పు మీద ఇంకో కప్పు. ఆ కప్పుల మీదుగా దూకుతూ, పొగగొట్టాలూ మేడలూ ఎక్కుతూ, ఎనిమిది అంతస్తులు దాటి, గడియారపు బురుజు శిఖరానికి చేరాలి. అక్కడ ఒక పిల్లను బంధించి ఉంచారు. వీధి దీపాలు వెలిగించే కుర్రవాడొకడు ఆమెను విడిపించాలి. ఇదీ కథ.

ఆట మొదట్లో మూడు గడులున్నాయి. ఆడేవారు పేరు రాసుకుంటే, ఎంతవరకు వెళ్ళారో గడి జ్ఞాపకం ఉంచుకుంటుందట. మొదటి గడిలో ‘టైపమ్మ, 8’ అని ఉంది. రెండవదానిలో మా మనవరాలి ముద్దుపేరు, ‘బుడంకాయ, 8’. మూడవది ఖాళీ.

మనవరాలు మొదటి గడి తెరిచింది. బురుజు చివరి అంతస్తులో, ఒక తలుపు ముందు, సన్నటి గోడ అంచున, గులాబీరంగు గౌను వేసుకున్న పిల్ల నిలబడి ఉంది. నిలబడి తల దువ్వుకుంటోంది.

“దీపాలవాడేడి?” అన్నాను.

“అమ్మమ్మ వాడితో ఆడదు. కావాలంటే ఈ పిల్లతో కూడా ఆడొచ్చు.”

“బందీగా ఉన్నది ఎవరు మరి?”

“ఈ పిల్లే.”

“ఈ పిల్లే వెళ్ళి ఈ పిల్లనే విడిపిస్తుందా? అదెలా పొసగుతుంది?”

“పొసగదు. గేమ్ చేసినవాళ్ళు పట్టించుకోలేదు తాతయ్యా. వాడి బదులు ఈమె బొమ్మ పెట్టారంతే. ఆ తలుపు తీస్తే గేమ్ అయిపోతుంది. నేను తీశాను. చివర్లో ఏం రాస్తారో తెలుసా? ‘దీపాలవాడు ఆమెను విడిపించాడు’ అని. పిల్లతో ఆడినా సరే, అదే! అది చూసి అమ్మమ్మ ఎంత నవ్విందో. తర్వాత ఇంక నవ్వలేదు. ‘ఇది నేనెరిగిన వ్యవహారమేనే’ అంది. తన గడిలో ఆ తలుపు తీయనేలేదు.”

“నవ్వుతూనే అని ఉంటుందిలే,” అంది మా అమ్మాయి.

“నువ్వున్నావా అక్కడ?” అంది కూతురు.

పెట్టె తీసుకుని వెళ్ళమన్నాను. మనవరాలు ఒప్పుకోలేదు. “ఇక్కడే ఉండనీ. అమ్మమ్మ అక్కడ నిలబడి ఉంది కదా. నేను ఆదివారం ఆదివారం వచ్చి చూస్తా. నువ్వు ముట్టుకోకు.”

ముట్టుకోకు అన్న మాటే నాకు గిట్టలేదేమో. మంగళవారం మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. లేచి టీవీ పెట్టాను. నా భార్య మూడేళ్ళు తిరిగిన చోట నేనూ రెండడుగులు వేసి చూద్దామన్న కోరిక మాత్రమే. మూడు గడులు కనిపించాయి. ఖాళీగా ఉన్నది మూడవది. ఇంటి పెద్దను, మనవరాలి కింద, మూడవ గడిలో నా పేరు రాసుకోవడమా? మొదటి గడి మీద నొక్కి, కొత్త ఆట అన్నాను. ‘పాతది తీసివేయాలా?’ అని యంత్రం అడిగింది. పాత పట్టిక తీసి సరిచేసిన పట్టిక పెడతానంటున్నదని నేను అర్థం చేసుకున్నాను. చిత్తుప్రతి తీసి సాఫుప్రతి పెట్టడం నేను నా చేతుల మీదుగా వెయ్యిసార్లు చేసిన పని. నా పేరు పైకి వస్తుంది, టైపమ్మ రెండవ గడికి, బుడంకాయ మూడవ గడికి దిగుతాయి. అవును అని నొక్కాను.

దీపాలవాడు మొదటి కప్పు మీద నిలబడ్డాడు. నాలుగు అడుగులు వేయించాను, సందులో పడ్డాడు. విసుగు వచ్చి కట్టేశాను. గడులు మళ్ళీ చూడలేదు.

ఆదివారం మనవరాలు చెప్పులు విప్పకుండానే టీవీ పెట్టింది.

“తాతయ్యా, అమ్మమ్మేదీ?”

“రెండవ గడిలో ఉంటుంది చూడు.”

“రెండోది నాది. అమ్మమ్మేది?” ఆమె తెర మీద వేలు పెట్టింది. “ఇక్కడ నీ పేరుంది. అమ్మమ్మ లేదు.”

“కిందికి జరగలేదా?”

“ఎక్కడికి జరుగుతుంది? నువ్వు తీసేశావు. నిన్ను అడిగింది కదా, తీసేయాలా అని అడుగుతుంది కదా! అవునన్నావా?”

“అన్నాను. కాని...”

“నువ్వే ఫస్టుండాలి కదా! ఎప్పుడూ నువ్వే ఫస్టు!”

“పెద్దాయనతో అలాగేనా మాట్లాడేది?” అంది వాళ్ళమ్మ. కాని ఆ కోపంలో బలం లేదు. మనవరాలు బయటికి వెళ్ళి లిఫ్టు దగ్గర నిలబడింది. తల్లి వచ్చేదాకా ఆ ఇనుప తలుపుకేసి చూస్తూనే ఉంది. నేను గుమ్మం దాకా వెళ్ళి, లిఫ్టు నాలుగవ అంతస్తుకు ఆలస్యంగా వస్తుందని చెప్పాను.

మరుసటి ఆదివారం రాలేదు. మా అమ్మాయి ఫోను చేసింది. “పరీక్షలట నాన్నా.”

“సెలవుల్లో పరీక్షలేమిటి?”

“నేనూ అదే అడిగాను.”

తరువాతి ఆదివారమూ అంతే. నేను ఇద్దరు మనుషులకు సరిపడా వండుకుని, ఒక మనిషి తిండి తిని, మిగిలింది రాత్రికి పెట్టుకున్నాను. సోమవారం మెకానిక్‌ను పిలిపించి, పోయినదాన్ని వెనక్కి తేవచ్చా అని అడిగాను.

“లిఫ్టయితే తెచ్చేవాణ్ణి సార్,” అన్నాడు తల గోక్కుంటూ. “ఇది పోయిందంటే పోయినట్టే. ఆ పిల్ల మళ్ళీ పైన నిలబడాలంటే ఎవరో ఒకరు మళ్ళీ ఎక్కించాల్సిందే. మెట్టు మెట్టూ.”

“ఎంత కాలం పడుతుంది?”

“అమ్మగారికి ఏడాదిన్నర పట్టింది సార్.” నా వేళ్ళకేసి చూసి, చూపు తిప్పుకున్నాడు. “అమ్మగారు ఏవో కాగితాలు రాసుకునేవారు. పెట్టెలోనే ఉండాలి.”

పెట్టె అడుగున, తీగల కింద, ఎనిమిది కాగితాలు మడిచి ఉన్నాయి. సంఘం మినిట్స్‌కు తీసిన కార్బన్ కాపీలు. పలచటి కాగితం, ఊదారంగు అక్షరాలు. వాటి వెనక వైపు పెన్సిలుతో, అంతస్తుకొకటి చొప్పున, ఆమె రాసుకుంది. మొదటిది ఇలా ఉంది: ‘1. వాడు దూకినట్టు దూకకు. పిల్లకి అందదు. బట్టలు ఆరేసే తీగ పట్టుకుని వెళ్ళు.’

నా పేరు ఉన్న మొదటి గడిని నేనే తుడిచివేశాను. దానిలో ‘టైపమ్మ’ అని రాసి, గులాబీరంగు గౌను పిల్లను ఎంచుకున్నాను. ఎంచుకునే చోట దీపాలవాడి బొమ్మ కింద ‘ధీరుడు’ అనీ, ఆమె బొమ్మ కింద ‘సుకుమారి’ అనీ రాసి ఉంది.

ఆ పిల్లను సృష్టించినవారిపై నాకు వ్యక్తిగత ద్వేషం లేదు. అయినా నెల రోజులు చూశాక కొన్ని విషయాలు చెప్పక తప్పదు. దీపాలవాడు పరుగెడితే పరుగెత్తినట్టుంటుంది. ఆమె పరుగెడితే మోచేతులు రెండూ నడుముకు ఆనించుకుని, అరచేతులు పైకెత్తి, బల్లిని చూసి పారిపోతున్నట్టుంటుంది. వాడి దూకుడు కంటే ఆమె దూకుడు జానెడు తక్కువ. కారణం చెప్పరు. వాడు పడితే ‘హుఁ’ అంటాడు, ఆమె పడితే ‘అమ్మో!’ అంటుంది. ఏమీ చేయకుండా నిలబెడితే వాడు చేతిలోని దీపపుకర్రను కత్తిలా తిప్పుతాడు. ఆమె దువ్వెన తీస్తుంది. ఏడంతస్తుల ఎత్తున, వర్షంలో, గాడ్పులో, కాళ్ళ కింద పాచిపట్టిన పెంకు జారుతుంటే, దువ్వెన తీస్తుంది. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య, కిటికీలోంచి మరొకసారి ఆమే కనిపించి, రుమాలు ఊపి, ‘త్వరగా రా!’ అంటుంది. ఎవరిని రమ్మంటున్నది? కింద చెమటోడ్చి ఎక్కుతున్నది తనే కదా.

మా సంఘంలో ఇటువంటి ముసాయిదా ఎవరైనా పెడితే నేను వెనక్కి పంపేవాడిని.

కాగితాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ‘2. పావురాన్ని ముందు పోనీ. దానికి తొందర. మనకెందుకు.’ ‘4. ఇక్కడ ఆగితే దువ్వుకోవడం మొదలుపెడుతుంది. దువ్వుకోనివ్వకు. అడుగు ముందుకి, అడుగు వెనక్కి వేయిస్తూ ఉండు.’ ‘5. పడినప్పుడల్లా అమ్మో వినక్కర్లేదు. సౌండు తీసెయ్యి. ఆయన లేస్తారు కూడా.’ ఇప్పుడా ఇంట్లో నిద్రలేచేవారెవరూ లేరు. అయినా నేను సౌండు తీసివేసే ఆడాను. ‘6. పడ్డాను, 41 సార్లు. 42వసారి పడలేదు.’ ‘7. కుడిచెయ్యి నొప్పి ఉన్నరోజు ముట్టుకోకు.’

ఆమె కుడిచేతికి నొప్పి ఉండేదన్న విషయం నాకు ఏడవ కాగితం ద్వారా తెలిసింది.

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను చెప్పగా ఆమె రాసింది. ఇప్పుడామె చెప్పినది చదువుకుని నేను చేస్తున్నాను. ఆఫీసులో నా డిక్టేషన్ వేగంగా ఉంటుందని పేరు. ఆమె ఒక్కసారి కూడా ‘మళ్ళీ చెప్పండి’ అని అడగలేదు. నేను మూడవ కాగితాన్ని యాభై సార్లు చదివి ఉంటాను.

మధ్యాహ్నపు నిద్ర మానేశాను. రెండు కాగానే ఆమె కూర్చునే కుర్చీలో, ఆమె దిండు నడుముకు పెట్టుకుని కూర్చునేవాడిని. ఎదుటి భవనంలో ఎవరో కిటికీ తెర వేసేవారు. లిఫ్టు ఎక్కడో ఆగి, తలుపు రెండుసార్లు కొట్టుకుని, మళ్ళీ కదిలేది. పడకగది తలుపు మూసే ఉంచేవాడిని, ఎందుకో నేను చెప్పలేను. మూసి ఉన్న ఆ తలుపును ఈ కుర్చీలోంచి చూస్తే ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. మూడేళ్ళు ఆమె దాని వైపు చెవి ఒకటి ఉంచి ఆడింది. రోజంతా నేను మాట్లాడే మాటలు లెక్కబెడితే, పాలవాడితో నాలుగు, మెకానిక్‌తో ఏడో ఎనిమిదో.

“వేళ్ళు బిగపట్టకండి సార్,” అనేవాడు అతను, గుమ్మంలోంచే. “మీరు బటన్ మీద స్టాంపు గుద్దుతున్నారు.”

“ముప్పై నాలుగేళ్ళు గుద్దాను.”

“అదే కనబడుతోంది సార్. మెల్లిగా, పువ్వు తుంపినట్టు... అదిగో! పడింది. ఫర్వాలేదు. అమ్మగారూ ఇక్కడే పడేవారు. కాకపోతే ఆవిడ మీలా పళ్ళు నూరేవారు కాదు.”

ఆరవ అంతస్తులో నేను నూటపదిహేడు సార్లు పడ్డాను.

ఆదివారాలు తొమ్మిది గడిచాయి. మా అమ్మాయి రెండుసార్లు ఒంటరిగా వచ్చి వెళ్ళింది. పెద్దవాళ్ళు అలిగితే నచ్చజెప్పగలను కాని పిల్ల అలిగితే ఏం చేయను నాన్నా అంది. నేను ఏం చేస్తున్నానో ఆమెకు చెప్పలేదు. పూర్తికాని పనిని నివేదించకూడదు.

పదవ వారం, శుక్రవారం, రెండున్నరకు, ఏడవ అంతస్తు చివరి తీగ పట్టుకుని పిల్ల ఎనిమిదవ దానిపై కాలు పెట్టింది. దారి తెలుసుకోవడానికి చివరి కాగితం తీశాను. దానిలో దారి లేదు. ‘8. వచ్చాను.’ అని మాత్రమే ఉంది.

ఇంకేమైనా రాసిందేమోనని కాగితం తిప్పాను. అవతల ఊదారంగులో నా వాక్యాలున్నాయి. ఆ సమావేశం నాకు బాగా గుర్తు. ఎనిమిదవ కాగితానికి ఆమె చేతికందినది అదేనో, ఎంచి తీసినదో నేను నిర్ధారించలేను.

ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. పడమటి లైను మరమ్మతు, ఉత్తరపు లైను శుభ్రపరచడం వేర్వేరు అంశాలుగా అజెండాలో ఉన్నాయి. రెండూ ఆమోదం పొందాయి. రెండింటికీ నిర్ణయించినది ఒకే గురువారమని గదిలో ఉన్న పదకొండుమందిలో ఎవరూ గమనించలేదు. పెద్దాసుపత్రికి నీళ్ళు వెళ్ళేది ఆ రెండు లైన్ల నుంచే. అలాగే జరిగి ఉంటే ఆ గురువారం అక్కడ చుక్క నీరు ఉండేది కాదు. నీళ్ళ గ్లాసు కింద ఒక చీటీ మడిచి నా ముందుకు వచ్చింది. పెన్సిలుతో ఒకే వరుస: ‘రెండూ గురువారమే. ఆసుపత్రి?’ నేను లేచి విషయం చెప్పాను. అధ్యక్షుడు కుర్చీలోంచి సగం లేచి, “కార్యదర్శిగారిది గద్ద చూపయ్యా!” అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. నేను తల వంచి ఆ ప్రశంసను స్వీకరించాను. మూలన టైపు మిషను దగ్గర ఆమె కాగితం మారుస్తోంది.

సాయంత్రం మినిట్స్ చెప్పాను. ‘ఈ వైరుధ్యాన్ని కార్యదర్శి గుర్తించి అధ్యక్షులవారి దృష్టికి తెచ్చారు.’ టైపు మిషను ఎక్కడా ఆగలేదు. వాక్యం ముగిశాక ఆమె ఒక్కటే అడిగింది:

“ఎన్ని కాపీలండీ?”

“నాలుగు.”

ఇద్దరం ఒకే బస్సులో ఇంటికి వచ్చాం. ఆ సంగతి మా మాటల్లోకి ఆ సాయంత్రమూ రాలేదు, ఆ తరువాతా రాలేదు. మందిరంలోని సిబ్బంది పేర్లు మినిట్స్‌లో ఎక్కకూడదన్నది నియమమే. కాని ఆ నియమం నా పేరు ఎక్కించమని ఎక్కడా చెప్పలేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆట ముందుకు తిరిగాను. ఎనిమిదవ అంతస్తులో పెద్ద కష్టమేమీ లేదు. చిన్న మెట్ల వరుస, పైన గోడ అంచు, తలుపు. పిల్లను తీసుకువెళ్ళి, ఆ ఆదివారం చూసిన చోటనే, తలుపుకు రెండడుగుల ఇవతల నిలబెట్టాను. ఆ రోజు పండుగ సెలవు కనుక ఇంట్లోనే ఉంటుందని మా అమ్మాయికి ఫోను చేశాను.

“చెప్పండి నాన్నా. ఒంట్లో బాగుందా?”

“బాగుంది. ఎనిమిదవ అంతస్తు చేరుకున్నాను. ఈ విషయం నీ కూతురికి తెలియజేయవలసింది.”

ఫోను చేతులు మారింది. తరువాత వేరే గొంతు.

“ఏ గడిలో?”

“మొదటి గడిలో.”

“ఎవరి పేరుతో?”

“అమ్మమ్మ పేరుతో. పిల్లతోనే.”

“తలుపు తీశావా?”

“లేదు.”

“తీయకు! దేన్నీ ముట్టుకోకు! వస్తున్నా.”

రెండు బస్సులు మారి రావాలి, ముప్పావు గంట. ఈసారి ముట్టుకోకు అన్న మాటను నేను అక్షరాలా పాటించాను. చేతిలోని బటన్ల డబ్బా నేల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల దువ్వెన తీసింది. నాలుగవ కాగితం జ్ఞాపకం వచ్చి మనసు చివుక్కుమంది, కాని ముట్టుకోలేదు. దువ్వుకుంది. ఆగింది. మళ్ళీ దువ్వుకుంది. వేరే పని లేక లెక్కపెట్టాను. పదకొండుసార్లు దువ్వుకుంది.

పన్నెండవసారి దువ్వెన తీయలేదు.

గౌను సర్దుకుని గోడ అంచున కూర్చుంది. కాళ్ళు వేలాడేసి ఊపసాగింది. అంతవరకు ఆ ఆటలో ఆమె కూర్చోవడం నేను చూడలేదు. తెర మెల్లిగా వెనక్కి జరిగి, కింద పట్టణమంతా కనిపించింది: ఆమె పడి లేచిన కప్పులన్నీ, బట్టల తీగలు, పావురాల గూళ్ళు. ఆకాశం రంగు తగ్గింది. అట్టడుగున ఒక వీధిలో ఒక దీపం వెలిగింది. తరువాత దాని పక్కది. వెలిగించేవాడెవడూ అక్కడ లేడు. వీధి తరువాత వీధి, నిదానంగా, వాటంతట అవే వెలుగుతున్నాయి. ఆ ఆట తయారుచేసిన కొలువులో పనిచేసిన ఏ మనిషి ఎవరికీ చెప్పకుండా దీన్ని అక్కడ పెట్టి వెళ్ళాడో, లేక పెట్టి వెళ్ళిందో. తలుపు తీయడానికి తొందరపడేవారికి ఇది కనిపించదు. చేతులు కట్టుకుని ఊరుకునేవారికే కనిపిస్తుంది.

మా ముందుగది తలుపుకు గడియ వేయలేదు. మనవరాలు ఆయాసపడుతూ వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

“ఇదెలా తెలిసింది నీకు? కాగితంలో ఉందా?”

“లేదు. నీ కోసం ఆగాను.”

“నేనెవ్వరికీ చెప్పలేదు. అమ్మక్కూడా.” స్టూలు జరిపి నా మోకాలి పక్కన కూర్చుంది. “నేను సెలవులకి వచ్చినప్పుడు అమ్మమ్మ చూపించేది.”

“ఇక్కడికి వచ్చాక ఆమె ఏం చేసేది?”

“ఏమీ చేసేది కాదు. రోజూ పెట్టుకుని చూస్తూ కూర్చునేది. నువ్వు లేచేదాకా.”

“నన్ను పిలవవలసింది.”

మనవరాలు నా వైపు తిరిగి, నిజంగానే ఆశ్చర్యపోయి అంది: “రెండు నుంచి నాలుగు దాకా నిన్ను లేపకూడదు కదా తాతయ్యా.”

పడకగది తలుపు మూసే ఉంది. తెర మీద చివరి వీధి వెలిగింది. ఆ పిల్ల కాళ్ళు ఊపుతూనే ఉంది.

కొంతసేపటికి నేను లేచి, జేబులోని ఎనిమిదవ కాగితం తీసి, ఆమె పెన్సిలు వెతికి, ‘వచ్చాను’ కింద రాయడం మొదలుపెట్టాను. మనవరాలు భుజం మీదుగా చూసింది.

“హాజరా? అయితే మూడో గడిలో నీ పేరు పెట్టనా?”

“పెట్టు. కార్యదర్శి పేరు చివరనే ఉండాలి.”

రాసినది ఇది.

శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. హాజరైనవారు, వరుసగా: మొదటి గడిలో టైపమ్మ, రెండవ గడిలో బుడంకాయ, మూడవ గడిలో కార్యదర్శి. ఈ కాగితపు రెండవ వైపున ఏడవ అంశం కింద నమోదైన వాక్యం సత్యం కాదని కార్యదర్శి అంగీకరిస్తున్నాడు. పడమటి, ఉత్తరపు లైన్లు రెండూ ఒకే గురువారం మూతపడనున్నాయని గుర్తించినవారు, ఆసుపత్రికి ఆ రోజు నీరు ఆగకుండా కాపాడినవారు, సమావేశమందిరంలో మూలన కూర్చున్న టైపిస్టు. ఆమె ఆ దినం హాజరై ఉన్నారు. పాత వాక్యం కొట్టివేసి దీనిని చేర్చాలని కార్యదర్శి ప్రతిపాదించగా బుడంకాయ బలపరిచింది. టైపిస్టు చేసిన ఈ పనికి సభ తన కృతజ్ఞతను, ఇరవై ఆరు సంవత్సరాల ఆలస్యానికి క్షమాపణతో, ఏకగ్రీవంగా నమోదు చేస్తున్నది.